రెండక్షరాలు, నలభై కంప్యూటర్లు

నలభై కంప్యూటర్ల పేర్లు మార్చడానికి నాకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. మధ్యలో కరెంటు పోకపోతే ఇంకా తక్కువే పట్టేది. ఒక్కోదాని ముందు చేయాల్సిన పనులు నాలుగు: పాత పేరు తీసి కొత్తది రాయడం, ఆపి మళ్లీ ఆన్ చేయడం, లాగిన్ అయి చూడటం, నోట్‌బుక్‌లో టిక్కు పెట్టడం. నలభయ్యో టిక్కు పడ్డాక ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి ఒకసారి అంతా చూసుకున్నాను. ప్రతి తెర పక్కనా ఎర్ర రేడియం అక్షరాలు మెరుస్తున్నాయి. టీజీ-01 నుంచి టీజీ-40 దాకా. అంత శుభ్రంగా అంతకు ముందు నేను ఏ పనీ చేయలేదనిపించింది.

అప్పుడు నేను జగిత్యాల దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్నాను. కంప్యూటర్ సైన్స్. నాకు ఇష్టమైనవి నెట్‌వర్కులు, వాటికి కాపలా కాసే చదువు. మా ఇల్లు కోరుట్లలో. బాపు చాలా ఏళ్లు కల్లు గీయడానికి తాళ్లెక్కాడు. మోకాళ్లు సహకరించక మానేసి, బస్టాండు దగ్గర బండ్ల నంబర్ ప్లేట్లు చేసే రేడియం షాపు పెట్టాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలయ్యాక ఆ షాపుకు తీరిక లేకుండా పోయింది. ఆటోలు, ట్రాక్టర్లు, స్కూటర్లు, ఆఖరికి డాక్టరు గారి కారు కూడా వచ్చి నిలబడేది. అందరిదీ ఒకటే పని: ఏపీ తీసి టీజీ పెట్టడం. ఆర్టీఓ వాళ్లు ఒప్పుకోరని అందరికీ తెలుసు. అయినా వచ్చేవాళ్లు.

సెలవుల్లో అక్షరాలు కోసేది నేను. బాపు అతికించేవాడు. ఆయనకు ఒక నియమం ఉండేది.

"నంబర్‌ను ముట్టద్దు కొడుకా. రెండక్షరాలే మారాలె. ఎన్క నంబర్ బరాబర్ ఉంటె బండి గదే బండి."

బండి విషయంలో అది నిజమే. పేరు మార్చినా తాళంచెవి తిప్పితే ఇంజను స్టార్టవుతుంది. కంప్యూటర్ల విషయంలో కూడా అంతేనని నేను గట్టిగా నమ్మాను.

మాకు నెట్‌వర్క్ సెక్యూరిటీ చెప్పే సారుది బాపట్ల వైపు. కాలేజీలో నేను చూసిన వాళ్లలో సబ్జెక్టు అంత బాగా తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. మొదటి క్లాసులోనే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాశారు.

"సర్వర్ ఎవరినైనా లోపలికి రానిచ్చే ముందు ఈ మూడూ అడగాలి. నువ్వెవరు? ఎక్కడి నుంచి వచ్చావు? ఇక్కడ ఏం చేయడానికి నీకు హక్కుంది?"

వెనక బెంచీ నుంచి నా దోస్తు లేచాడు. వాడిది సిరిసిల్ల. విద్యార్థి సంఘంలో ముందుండేవాడు, నోరు చాలా చురుకు.

"సార్, మేం గూడ గివ్వే అడుగుతున్నం గద. మీరెక్కడి నుంచి అచ్చిన్రు సార్?"

క్లాసు గొల్లుమంది. సారు కూడా నవ్వారు.

"బాపట్ల దగ్గర నుంచయ్యా. పాస్‌వర్డ్ ఉంది, ఉద్యోగపు ఆర్డరు ఉంది. మూడో ప్రశ్నకు జవాబు పాఠం అయ్యాక మీరే చెప్పండి."

ఆ రోజు నుంచి వాడు ఆయన్ని ఆటపట్టించడం, ఆయన తిరిగి ఒక మాట అనడం మామూలైంది. కానీ ఉద్యమం వేడెక్కిన కొద్దీ వాడి మాటల్లో ఆట తగ్గుతూ వచ్చింది. సారు జవాబులు కూడా కురచయ్యాయి.

ల్యాబ్‌లో సారు ఒక కట్టుబాటు పెట్టారు. మా బ్యాచ్‌లో నలభై మందిమి. ప్రతి ఒక్కరికీ ఒక కంప్యూటర్, దాని మీదే కూర్చోవాలి. అంతకు ముందు ఏడాది ఒకరి ప్రాజెక్టు ఇంకొకరు కాపీ కొట్టిన గొడవ జరిగింది. అందుకని ఎవరి ఖాతా వాళ్ల కంప్యూటర్ నుంచే తెరుచుకునేలా సర్వర్‌లో ఏర్పాటు చేశారు. పదిహేడో నంబరు వాడు పద్దెనిమిది మీద కూర్చుని లాగిన్ అయితే సర్వర్ ఒప్పుకోదు. నాది ఒకటో నంబరు. అయితే దాన్ని నేను పెద్దగా వాడేవాణ్ణి కాదు. ల్యాబ్ చూసుకునే పని నాకు అప్పగించి, సారు నాకు వేరే ఒక ఖాతా ఇచ్చారు. దానితో ఏ కంప్యూటర్లోకైనా వెళ్లవచ్చు, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించవచ్చు, అవసరమైతే కంప్యూటర్ పేరు కూడా మార్చవచ్చు. విద్యార్థుల ఖాతాలు చూడగలను, మార్చలేను. అది సారు చేతిలోనే ఉండేది.

దసరాకు సారు ఊరెళ్లారు. సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. సారు అక్కడే ఉండిపోయారు. హాస్టల్లో పదిహేను మందిమి మిగిలాం. పొద్దున ధర్నా టెంటు, మధ్యాహ్నం వంటావార్పు, సాయంత్రం రోడ్డు మీద వాలీబాల్. ల్యాబ్ తాళంచెవి నా దగ్గరే ఉంది కాబట్టి దుమ్ము దులపడానికి అప్పుడప్పుడు వెళ్లేవాణ్ణి. ఒకరోజు దోస్తు కూడా వచ్చాడు. కంప్యూటర్లు బిగించినప్పుడు ఎవరో తెరల పక్కన ఏపీ-01, ఏపీ-02 అని చీటీలు అంటించారు. లోపల పేర్లు కూడా అవే.

వాడు ఒక చీటీని గోటితో గీకాడు.

"ఏం రా, మీ బాపు కోరుట్లల బండ్లన్నిటికి పేర్లు మార్చె. నువ్వేమో గీడ ఏపీకి కావలి గాస్తున్నవ్. శరం లేదా?"

"చీటీలు పీకుడు అల్కన రా. లోపట పేరు మార్చాలె. అప్పుడది అసలు మార్పు."

"మారుస్తవా మరి? చేతనైతదా?"

చేతనైతదా అని నన్ను అడిగితే ఇంకేముంది. మర్నాడు కోరుట్ల వెళ్లి బాపు దగ్గర నలభై జతల అక్షరాలు కోసుకొచ్చాను. ఆ తర్వాతి రోజు ఆ రెండు గంటల పది నిమిషాలు. సారుకు ఫోన్ చేయాలన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. ఆయన వద్దంటారేమోనని చేయలేదు.

పని అయిన వారానికి దోస్తు నన్ను సిరిసిల్ల తీసుకెళ్లాడు. కోరుట్ల నుంచి బాపు బండి మీద, రుద్రంగి మీదుగా. దారి పొడవునా చెట్ల కొమ్మలు అడ్డం పడేసి ఉన్నాయి. ప్రతిచోటా ఎవరో ఒకరు ప్లేటు చూసి, టీజీ కనపడగానే కొమ్మ పక్కకు లాగేవారు. బాపు అక్షరాల మీద నాకు గౌరవం పెరిగింది.

వాళ్ల నాయన కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. సాంచె అంటే కరెంటు మగ్గం. అక్కడి చప్పుడులో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. కరెంటు వచ్చే గంటలు తక్కువ కాబట్టి అందరూ గబగబా పనిచేస్తున్నారు. నేను చూస్తుండగానే ఒక సాంచె కింద బట్ట మీద గీత పడింది. వాళ్ల నాయన సాంచెను తిప్పే పట్టీ పక్కకు తోసి దాన్ని ఆపాడు. వెంటనే పానా తీస్తాడనుకున్నాను. తీయలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవతలి వరుస నుంచి ఒక ముసలాయన చేయెత్తాడు.

"నేనే ముట్టిన. పొద్దుగాల నూలు కండె మార్చిన."

"గట్లనా, సరే" అని వాళ్ల నాయన నేరుగా కండె దగ్గరికే పోయి చూశాడు. రెండు నిమిషాల్లో సాంచె మళ్లీ నడిచింది. ఎవరూ ముసలాయన్ని ఏమీ అనలేదు. ఆయన కూడా తల వంచుకోలేదు.

బయట చాయ్ తాగుతున్నప్పుడు అడిగాను.

"కాకా, ఆయన చెప్పకపోతే ఏం చేస్తుంటిరి?"

"చెప్తడు కొడుకా. గిది మా కార్ఖానాల కాయిదా. సాంచె ఆగితె కడపట ముట్టినోడు నేనే ముట్టిన అనాలె. గా మాట అనందే పానా తియ్యం. చెప్పకుంటె మొత్తం సాంచె ఇప్పుకుంట కూసోవాలె, మూరలకు మూరల బట్ట ఖరాబైతది. తప్పు చేసినవని గాదు, యాడ చూడాల్నో ఎరుకైతది. గంతే."

నేను దాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నెట్‌వర్క్ వాళ్లకు కూడా పనికొచ్చే పద్ధతి అని కింద గీత కూడా గీశాను. నేను నేర్చుకోవాల్సింది ఏదో అందులో ఉందని మాత్రం అనుకోలేదు.

సమ్మె ఆగింది. కాలేజీ సోమవారం తెరిచారు. ప్రాజెక్టు రిపోర్టులు శనివారానికి ఇవ్వాలని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. అందరి ఫైళ్లూ ల్యాబ్ సర్వర్‌లోనే ఉన్నాయి. సారు ఆ పొద్దున్నే రైలు దిగి, దొరికిన జీపెక్కి, బ్యాగుతో నేరుగా కాలేజీకి వచ్చారు. పది గంటలకు నలభై మందిమి ల్యాబ్‌లో కూర్చున్నాం. కొత్త ఎర్ర అక్షరాలు చూసి అందరూ ఈలలు వేశారు. సారు తలుపు దగ్గర ఆగి, ఆ అక్షరాల్ని చూశారు, నన్ను చూశారు. బయటి చీటీలే మారాయనుకున్నట్టున్నారు.

అందరూ పాస్‌వర్డ్ కొట్టారు. అన్ని తెరల మీదా ఒకటే వాక్యం: ఈ కంప్యూటర్ వాడటానికి మీ ఖాతాకు అనుమతి లేదు.

దోస్తు లేచి నిలబడ్డాడు.

"అనుమతి లేదట! మన కాలేజీల మనకు అనుమతి లేదట! నలపై మందికి ఒక్కపారే ఎట్ల పోతదిరా? సమ్మె చేసినమని సారు బందు పెట్టిండు!"

"నేనేం చేయలేదయ్యా. ఇప్పుడే వచ్చాను, బ్యాగు కూడా దించలేదు" అన్నారు సారు.

"ఊర్లె కూసోని చేసిన్రేమో సార్. మీరే గద నేర్పిన్రు, దూరం నుంచి గూడ సర్వర్‌ను ముట్టచ్చని!"

ఆ మాటతో ల్యాబ్ ఖాళీ అయింది. ముందు వాడు, వెనక అందరూ, నినాదాలిస్తూ ప్రిన్సిపాల్ గది వైపు. సారు వాళ్ల వెనకే నడిచారు. నేను ఆగిపోయాను. కారణం దొరకబుచ్చుకుని పది నిమిషాల్లో వెళ్లి అందరి నోళ్లూ మూయించగలనని నాకు ధీమా.

నోట్‌బుక్ తీసి పని మొదలుపెట్టాను. చివరిసారి అంతా బాగా పనిచేసిన రోజు నుంచి ఇప్పటి దాకా ల్యాబ్‌లో మారినవి ఏమిటి? ఒకటి, కరెంటు చాలాసార్లు పోయింది. రెండు, దుమ్ము దులిపినప్పుడు కేబుళ్లు కదిలాయి. మూడు, పేర్లు. మూడోదాన్ని వెంటనే కొట్టేశాను, ఎందుకంటే దాన్ని నేను నలభైసార్లు పరీక్షించాను. నలభై టిక్కులున్నాయి. కేబుళ్లు చూశాను, స్విచ్ మీద దీపాలన్నీ వెలుగుతున్నాయి. సర్వర్ గడియారం సరిగ్గానే ఉంది. నా ఖాతాతో ఒక కంప్యూటర్లోకి వెళ్లాను. వెంటనే తెరుచుకుంది.

నా ఖాతాతో. అక్కడ నా చేయి మౌస్ మీద ఆగిపోయింది. నలభైసార్లూ నేను పరీక్షించింది ఆ ఖాతాతోనే, ఏ కంప్యూటర్ ముందైనా తెరుచుకునేదానితో. విద్యార్థి ఖాతాతో ఒక్కసారి కూడా చూడలేదు. దోస్తు ఖాతా వివరాలు తెరిచాను. ఎక్కడి నుంచి అనుమతి అన్నచోట ఇంకా ఏపీ-17 అనే ఉంది. ఆ పేరుతో ఇప్పుడు లోకంలో కంప్యూటరే లేదు. సర్వర్ తన మూడు ప్రశ్నల్లో రెండోది అడిగింది, ఎక్కడి నుంచి వచ్చావని. నలభై మంది చేతా దానికి తెలియని చోటి పేరు చెప్పించింది నేను.

ఇంకొకటి కూడా అదే క్షణంలో అర్థమైంది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. సారుకు కూడా ఖాతాలు తెరిచి చూస్తే గానీ తెలియదు, వాళ్లు ఆయన్ని సర్వర్ దగ్గరికి పోనిచ్చేలా లేరు.

ప్రిన్సిపాల్ గది ముందు వరండా నిండిపోయింది. సందుచేసుకుని లోపలికి వెళ్లేసరికి ప్రిన్సిపాల్ గారు చెమట తుడుచుకుంటున్నారు.

"పిల్లలు బాగా కోపంగా ఉన్నారండి. మీరు కొన్నాళ్లు సెలవు పెట్టండి. మీ మంచికే చెబుతున్నాను. పరిస్థితి చక్కబడ్డాక చూద్దాం."

టేబుల్ మీద ఒక తెల్లకాగితం, పెన్ను. సారు బ్యాగు ఇంకా ఆయన భుజానికే ఉంది.

"సెలవు పెడితే నేనే చేశానని రాసిచ్చినట్టు కాదా అండి?" అన్నారు సారు మెల్లగా.

"మీరు చెయ్యకపోతె ఇంకెవలు చేసిన్రు సార్? జెప్పున్రి!" దోస్తు టేబుల్ మీద చెయ్యి వేసి అడుగుతున్నాడు.

నేను చేయెత్తాను. ఆ ముసలాయన ఎత్తినట్టే.

"నేనే ముట్టిన."

దోస్తు తిరిగి చూశాడు. నేనేం అంటున్నానో ఆ గదిలో ముందుగా తెలిసింది వాడికే.

"ఏం ముట్టినవ్?"

"పేర్లు. సర్వర్ల అందరి ఖాతాలకు పాత పేర్లే ఉన్నయి. నేను కంప్యూటర్ల పేర్లు మార్చిన, సర్వర్‌కు చెప్పలే. గందుకే ఎవ్వలను రానిస్తలేదు. సారు ఏం చెయ్యలే."

వెనక నుంచి ఎవరో అరిచారు. "అరె, గీడు సారు చెంచగాడు రా! సారును కాపాడుతందుకు అబద్ధం జెప్తుండు!"

నోట్‌బుక్ తెరిచి టేబుల్ మీద పెట్టాను. తేదీ, గంట, నలభై టిక్కులు. దోస్తు వంగి చూశాడు. పేర్లు మార్చమని పురికొల్పింది వాడే, ఆ తేదీ వాడికి బాగా గుర్తుంది. తర్వాత వెనక్కి తిరిగి, అరిచినవాడి వైపు వేలు చూపించాడు.

"నువ్వు ఊకో బే. నేనే ముట్టిన అన్నంక ఇంక అడుగుడు ఉండదు. పానా తీసుడే." ఆగి, ఇంకొంచెం తగ్గించి అన్నాడు. "గాన్ని ఎక్కిచ్చింది నేనే."

సారు నా మీద కోప్పడతారని అనుకోలేదు. మహా అయితే భుజం తడతారనుకున్నాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"నా ఫోన్ నంబరు నీ దగ్గర ఉందా లేదా?"

"ఉంది సార్."

"నలభై పేర్లు మార్చావు, ఒక్క ఫోన్ చేయలేకపోయావు. వద్దంటానని కదా? ఆంధ్రావాడు కాబట్టి వద్దంటాడని నువ్వు కూడా అనుకున్నావు."

ఆ మాటలో తప్పు లేదు. వరండాలో అరిచిన వాళ్లకూ నాకూ ఉన్న తేడా గొంతులోనే అని అప్పుడు తెలిసింది.

"ఏ ఖాతాతో పరీక్షించావు?"

"మీరిచ్చిన దానితో సార్."

"అది నీకు ప్రతి తలుపూ తీస్తుంది. దానితో చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. మామూలు విద్యార్థి ఖాతాతో చూడాలని ఎన్నిసార్లు చెప్పాను?"

"మూడుసార్లు సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. గదిలో గాలి కొంచెం కదిలింది. ప్రిన్సిపాల్ గారు ఆ తెల్లకాగితాన్ని తీసి సొరుగులో పెట్టేశారు. "అయితే పాత పేర్లే మళ్లీ పెట్టేయమనండి, అయిపోతుంది" అన్నారు.

"పాత పేర్లు పెట్టనియ్యం" అన్నాడు దోస్తు వెంటనే. అందరూ మళ్లీ బిగుసుకున్నారు.

సారు బ్యాగు దించి కుర్చీలో పెట్టారు.

"పెట్టక్కర్లేదు. కంప్యూటర్ల పేర్లు మారాయి, సర్వర్‌కు తెలియాలి. అంతే పని. అది నేను చేయాల్సింది. నువ్వు నోట్‌బుక్ తీసుకుని రా."

ల్యాబ్‌లో సారు సర్వర్ ముందు కూర్చున్నారు. నేను పక్కన నిలబడి రోల్ నంబరు, పాత పేరు, కొత్త పేరు చదివాను. ఆయన ఒక్కో ఖాతా తెరిచి కొత్త పేరు కొట్టారు. టీజీ-01. టీజీ-02. వేగంగా, తప్పు లేకుండా, మిగతా ఏ పనైనా చేసినట్టే. ప్రతి ఐదింటికీ ఆగి, "వెళ్లి కూర్చోండి, లాగిన్ అయి చూడండి" అనేవారు. వెళ్లినవాళ్లు లోపలికి పోగానే చెయ్యెత్తేవారు, నేను కొత్త పేజీలో టిక్కు పెట్టేవాణ్ణి. ఈసారి అన్ని టిక్కులూ వాళ్లవి, నావి కాదు.

పదిహేడో నంబరు దగ్గర దోస్తు పాస్‌వర్డ్ కొట్టాడు. తెరుచుకుంది. వాడు తెర మీది నుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"సార్, రైలు దిగినకాడికెల్లి ఏమన్న తిన్నరా?"

"లేదయ్యా."

"క్యాంటీన్ల ఉప్మా ఉన్నది. పట్టుకొస్త."

"పట్టుకురా. చాయ్‌లో చక్కెర తక్కువ వేయమను."

వాడు పరుగెత్తాడు. క్షమించమని అడగలేదు, సారు కూడా ఎదురు చూడలేదు. ఆ తర్వాత కూడా వాడు ఆయన్ని మాటలతో పొడిచేవాడు. కానీ తెర మీద ఏదైనా తేడా వస్తే ముందు లేచి, "కడపట ముట్టినోడెవడ్రా?" అని ల్యాబంతా వినపడేలా అడిగేవాడు. ఎవరో ఒకరు చెయ్యెత్తేవారు. శనివారానికి నలభై రిపోర్టులూ వెళ్లాయి.

ఆ సోమవారం ముప్పై తొమ్మిది మంది లోపలికి వెళ్లాక, పేర్లు చదువుతూ నిలబడ్డ నేను, ఒకటో నంబరు, మిగిలాను. నేను వెళ్లి కూర్చునే ముందే సారు నా మరో ఖాతాను తెరిచారు, ల్యాబ్ అంతటా తిరగనిచ్చే దాన్ని. దాన్ని ఆపేశారు.

"నెల రోజులు. తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు నీ రోల్ నంబరుతో వెళ్లి చూడు."

టీజీ-01 ముందు కూర్చుని ఎన్నో నెలల తర్వాత నా సొంత పాస్‌వర్డ్ కొట్టాను. మొదటిసారి తప్పు కొట్టాను. రెండోసారి తెరుచుకుంది. అందరిలాగే చెయ్యెత్తాను. నోట్‌బుక్ అప్పటికి సారు చేతిలో ఉంది. నలభయ్యో టిక్కు ఆయనే పెట్టారు.